పాత ఇంటి నడవ, కొత్త పడకగది: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చినవే. వానలు వెనుకపట్టి, సంక్రాంతికి ఇంకా కొంత వ్యవధి ఉన్న ఈ రోజుల్లోనే మన వైపు ఇళ్ల మరమ్మతులు మొదలవుతాయి. చాలామంది గోడల రంగుల గురించో, పరదాల గురించో అడిగారు గానీ, ఉత్తరం చివరిదాకా చదివితే అసలు ఇబ్బంది చెమ్మలోనో, గాలి ఆడకపోవడంలోనో, పడక చోటు చాలకపోవడంలోనో ఉన్నట్టు తెలుస్తోంది. అందువల్ల కొన్ని సమాధానాలలో అలంకరణ కంటే ముందుగా చూసుకోవలసిన పనిని గురించే ఎక్కువగా వ్రాయవలసి వచ్చింది.

ప్రశ్న: మాది విజయనగరం పాత ఊరిలో తాతల నాటి పెంకుటిల్లు. వీధి గది, నడవ, వెనుక రెండు గదులు ఉన్నాయి. ఇప్పుడు నడవను ఇంటిల్లపాదీ కూర్చునే హాలుగా మార్చుకుంటున్నాము. గోడల అడుగున సుమారు మూడడుగుల ఎత్తు వరకు రంగు పొరలుగా ఊడిపోయి, తెల్లటి ఉప్పు పొడి రాలుతోంది. ఆరేళ్ల క్రితం పాత సున్నపు పూత గీకించి సిమెంటు పూత వేయించాము. రెండేళ్లకే మళ్లీ మొదలయింది. ఆ భాగాన్ని చెక్కరంగు పీవీసీ ప్యానెళ్లతో కప్పేయమని ఒకరు సలహా ఇచ్చారు. ఏ రంగువి బాగుంటాయో చెప్పగలరు.
— ఒక గృహిణి, విజయనగరం

సమాధానం: అమ్మా, ఆ గోడకు ఏ రంగు ప్యానెళ్లూ వేయించవద్దని మిమ్మల్ని కోరుతున్నాను. నేలలోని తేమ పునాది ద్వారా ఇటుకల సందుల్లోకి పాకి, తనతోపాటు మట్టిలోని లవణాలను పైకి తీసుకువస్తుంది. గోడ ఉపరితలం దగ్గర నీరు ఆవిరైపోయి, లవణాలు అక్కడే గడ్డకట్టి, రంగునూ పూతనూ లోపలినుంచి నెడతాయి. మీరు చూస్తున్న తెల్లటి పొడి అదే. సాధారణంగా ఈ చెమ్మ మూడడుగుల దాకానే ఎక్కుతుంది గనుక మీరు చెప్పిన ఎత్తు దానికి సరిపోతోంది. ప్యానెలు వేస్తే పొడి కనబడదు గాని నీరు పోయే దారి మూసుకుపోతుంది. అప్పుడు చెమ్మ ప్యానెలు పైఅంచును దాటి ఇంకా పైకి ఎక్కవచ్చు. ప్యానెలుకూ గోడకూ నడుమ బూజు పడుతుంది. ప్యానెళ్లను బిగించడానికి వాడిన చెక్క పట్టీలకు చెద కూడా పట్టవచ్చు.

ముందుగా ఇంటి బయటికి వెళ్లి ఆ గోడను వీధివైపు నుంచి చూడండి. మన పాత ఊళ్లలో సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి కొంత ఎత్తు పెరుగుతూ వస్తుంది. ఒకనాడు మెట్లెక్కి వెళ్లిన అరుగులు ఇప్పుడు వీధితో సమానమైపోయిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. బయటి నేల లోపలి నేలకంటే ఎత్తుగా ఉంటే వాననీరు గోడలోకే దిగుతుంది. చూరు నీళ్లు గోడ మొదట్లో పడుతున్నాయా, పక్కన కాలువ చిట్లి ఉన్నదా, స్నానాల గది గొట్టం కారుతున్నదా అన్నవి కూడా చూడాలి. వీలున్నంత మేర గోడ పక్కన మట్టిని తగ్గించి, నీరు గోడకు దూరంగా పోయేటట్టు వాలు ఇప్పించడం మొదటి పని. ఇది చేయకుండా లోపల ఎంత ఖర్చు పెట్టినా నిలవదు.

తరువాత సిమెంటు పూతను, తడి గుర్తు కనిపించే ఎత్తుకు మరొక అడుగు పైదాకా తీయించండి. ఇటుకల మీది ఉప్పును పొడి కుంచెతో మాత్రమే దులిపించాలి. నీళ్లతో కడిగితే అది కరిగి తిరిగి గోడలోకే పోతుంది. ఆపైన కిటికీలు తెరిచి, వీలైనన్ని వారాలు గోడను ఆరనివ్వండి. తిరిగి పూత పూయించేటప్పుడు సున్నం, ఇసుకలతోనే చేయించండి. మన పెద్దలు కరక్కాయ, బెల్లం ఊరబెట్టిన నీటితో సున్నం కలిపి పూయించిన గోడలు తేమను తీసుకుంటూ వదులుతూ ఉండేవి. మీ తాతగారి కాలపు గోడ అన్నాళ్లు నిలిచి, సిమెంటు గోడ రెండేళ్లకే పొరలెత్తడానికి ముఖ్య కారణం ఇదేనని నా నమ్మకం. మీ ఊళ్లో ఈ పని తెలిసిన పెద్ద మేస్త్రీ ఎవరైనా ఉంటే కొంచెం ఎక్కువ కూలీ ఇచ్చి అయినా ఆయనచేతనే చేయించుకోండి. పైన ప్లాస్టిక్ ఎమల్షన్ కాక సున్నపు వెల్లనే వేయించి, అందులో మీకు నచ్చిన రంగు పొడి కలిపించుకోవచ్చు. నడవకు లేత గోధుమ రంగు గాని, వెన్న రంగు గాని బాగుంటుంది, ఎందుకంటే పెంకుటింటి నడవలోకి వెలుతురు ఒకటి రెండు వైపులనుంచే వస్తుంది. ముదురు రంగు ఆ కొద్ది వెలుతురునూ మింగేస్తుంది.

ఇక నడవలో వస్తువుల అమరిక. ఏ సామాను అయినా ఆ గోడకు మూడు నాలుగు అంగుళాలు ఎడంగా ఉంచండి. మీ ఇంట్లో ఉయ్యాల బల్ల ఉండేదనీ, ఇప్పుడు అటక మీద ఉన్నదనీ ఉత్తరం చివర వ్రాశారు. అదే మీ హాలుకు ప్రధానమైన ఆసనం కావాలని నేను గట్టిగా చెబుతాను. పాత కొక్కాలు వేసిన దూలాన్ని మాత్రం వడ్రంగి చేత చూపించండి. దూలం కొసలు గోడలోకి దిగే చోటనే తరచు చివికి ఉంటాయి. సుత్తితో తట్టితే గట్టి చెక్క ఖంగుమంటుంది, చివికినది బోలుగా మోగుతుంది. ఉయ్యాల ముందూ వెనుకా చెరి మూడడుగులు ఖాళీ ఉంటే పిల్లలకు దెబ్బలు తగలవు.

ప్రశ్న: రెండు పడకగదులకు కొత్తగా సిమెంటు పూత వేయిస్తున్నాము. సంక్రాంతికి అమ్మాయి, అల్లుడుగారు వస్తారు. పూత పూర్తయిన పది రోజులలో లప్పం, రంగు వేయించవచ్చునా?
— నరసన్నపేట

సమాధానం: వేయించకూడదు. సిమెంటు పూతను కనీసం వారం రోజులు తడపాలి, ఆ తరువాత ఆరనివ్వాలి. మొత్తం మీద 28 రోజులైనా గడవకముందు గోడలో తేమా, సున్నపు ఘాటూ అలాగే ఉంటాయి. వాటి మీద లప్పం పెట్టి రంగు మూసేస్తే, ఆ తేమ ఎండకాలంలోనో వచ్చే వానల్లోనో బొబ్బలుగా బయటపడుతుంది. ఇది నేను స్వయంగా అనుభవించిన సంగతి. మా ఇంట్లో పడకగదికి పూత వేయించిన పన్నెండవ రోజునే, బంధువులు వస్తున్నారని, మేస్త్రీ వద్దంటున్నా వినకుండా రంగు వేయించాను. తొలకరి చినుకులు పడేసరికి మంచం తలవైపు గోడంతా పొక్కిపోయింది. మళ్లీ గీకించి, ఆరబెట్టి, మొదటినుంచి వేయించడానికి ముందు పెట్టిన దానికంటే ఎక్కువ ఖర్చయింది.

గోడ ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. అడుగు చదరపు పాలిథిన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు ఉంచండి. కాగితం లోపలివైపున, అంటే గోడ వైపున, చెమట పట్టినట్టు నీటి చుక్కలు కనిపిస్తే గోడ ఇంకా తడిగా ఉన్నట్టు. పైవైపునే తడి ఉంటే అది గదిలోని గాలి తేమ.

పండుగకు మీరు చేయగలిగినది ఏమిటంటే, పూత పని లేని ముందు గదిని ఇప్పుడే పూర్తి చేయించి, అల్లుడుగారికి పడక ఆ గదిలో ఏర్పాటు చేయండి. కొత్త పూత గదుల కిటికీలు తెరిచి ఫ్యాను వేసి ఉంచండి. పండుగ కోసమని వాటికి వెల్ల వేయించి, తరువాత దాని మీదే ఎమల్షన్ వేయిద్దామనే ఆలోచన ఉంటే మానుకోండి. పొడి రాలే వెల్ల మీద ఎమల్షన్ పట్టుకోదు, అంతా గీకించవలసి వస్తుంది.

ప్రశ్న: మా ఇల్లు సోంపేట దగ్గర, సముద్రానికి కిలోమీటరు లోపే ఉంది. పడకగదిలో మూడేళ్ల క్రితం చేయించిన అలమర కింది పలకలు ఉబ్బిపోయాయి, కీళ్లన్నీ తుప్పు పట్టాయి. తిత్లీ తుపానుకు పాడైన తూర్పు కిటికీ కూడా మార్చాలి. ఈసారి ఎటువంటి సామానుతో చేయిస్తే ఎక్కువ కాలం ఉంటుంది?
— ఒక ఉపాధ్యాయుడు

సమాధానం: మీ అలమరకు వాడినది బహుశా పొట్టును జిగురుతో అదిమిన పార్టికల్ బోర్డు అయి ఉంటుంది. దానికి నీరు తగిలి ఒకసారి ఉబ్బితే తిరిగి దిగదు. మీ ప్రాంతంలో గాలి తేమగానే కాక ఉప్పుగా కూడా ఉంటుంది. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది గనుక ఇనుము మీద ఆరని తడి పొర ఏర్పడి, లోపలి ఊళ్లలో కంటే ఎంతో త్వరగా తుప్పు వస్తుంది.

మీరు నా సలహా అడిగారు గనుక మనసులోని మాట చెబుతాను: చెక్క అలమర కంటే గోడలోనే ఇటుకతో కట్టి, కడప బండలు అరలుగా పరిచిన అలమర మీ ఇంటికి మేలు. మన వైపు మేస్త్రీలందరికీ ఇది తెలిసిన పని. బండకు చెద పట్టదు, ఉబ్బదు. తలుపులు మాత్రం చెక్కవి పెట్టించి, పైనా కిందా గాలి ఆడటానికి సన్నని చీలికలు ఉంచండి. మూసి ఉన్న అలమరలో బట్టలకు వచ్చే ముక్క వాసన చాలావరకు గాలి ఆడకపోవడం వల్లనే వస్తుంది.

చెక్కతోనే కావాలనుకుంటే, ఐఎస్ 710 ముద్ర (ఐఎస్ అంటే భారత ప్రమాణం) ఉన్న, నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ అడగండి. ఐఎస్ 303 ముద్ర ఉన్నది సాధారణ వాడకానికి చేసినది, ధర కూడా తక్కువ. అంగడివారు ఒక దాని బదులు మరొకటి చూపించినా పలక మీది ముద్ర చదివితే తెలిసిపోతుంది. కోసిన ప్రతి అంచునూ, కనబడని వెనుక అంచుతో సహా, పట్టీతో మూయించాలి, ఎందుకంటే నీరు మొదట దూరేది అంచులలోనే. అలమర అడుగు నేలకు తగలకుండా నాలుగంగుళాల దిమ్మె కట్టించి, వెనుక గోడకు ఒక అంగుళం ఎడం ఉంచండి. కీళ్లు, మరలు స్టెయిన్‌లెస్ స్టీలువే కావాలి. గదిలోపల 304 రకం సరిపోతుంది. సముద్రం వైపు కిటికీకి మాత్రం 316 రకం వాడితే మంచిది.

కిటికీ విషయానికి వస్తే, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తీరం దాటినప్పుడు మీరు చూసినదే దానికి కొలమానం. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) చట్రాలకు తుప్పు రాదు, లోపల ఉక్కు పట్టీలు ఉన్న రకమైతే గాలికి వంగవు. పైన రెండడుగుల సన్‌షేడ్ తప్పనిసరిగా ఉండాలి. కిటికీ కింది అంచు బయటికి వాలుగా ఉండాలి. మంచాన్ని ఆ కిటికీ కింద వేయకండి.

ప్రశ్న: రాజాంలో మాకు రెండు పడకగదుల ఇల్లు ఉంది. గదులు ఒక్కొక్కటి పది అడుగుల వెడల్పు, పదకొండు అడుగుల పొడవు. ఒక గదిలో మా అత్తగారు, ఇద్దరు పిల్లలు పడుకుంటారు. అత్తగారికి డెబ్బై నాలుగేళ్లు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. పిల్లలు ఎనిమిది, పదకొండు ఏళ్ల వాళ్లు. ఆ గదిలో ఆరడుగుల డబుల్ కాట్, గోడ పొడవునా కప్‌బోర్డు, పిల్లలకు చదువుకునే బల్ల పెట్టాలనుకుంటున్నాము. అత్తగారు దక్షిణం వైపు తల పెట్టి పడుకుంటారు. చోటు చాలకపోతే పిల్లలకు పై అంతస్తు మంచం పెట్టమని దుకాణంలో అన్నారు.
— రాజాం

సమాధానం: మీ ఉత్తరం నాకు ఎంతో నచ్చింది, అందులో మీ అత్తగారి అలవాటుకు చోటు ఉంది. ముందు కొలతలు కాగితం మీద పెడదాము. కప్‌బోర్డు లోతు రెండడుగులు. ఉత్తరం గోడ పొడవునా అది వస్తే గదిలో పది అడుగుల వెడల్పు, తొమ్మిది అడుగుల పొడవు మిగులుతుంది. దక్షిణం గోడకు తలవైపు ఆనించి ఆరడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు గల మంచం వేస్తే ఇరుపక్కలా రెండేసి అడుగులు, కాళ్ల వైపు రెండున్నర అడుగులు మాత్రమే ఉంటాయి. రెండడుగుల కప్‌బోర్డు తలుపు తెరిస్తే మనిషి నిలబడే చోటు ఉండదు. రాత్రి లేచిన పెద్దావిడ పిల్లలను దాటుకుని దిగవలసి వస్తే అది మరీ ప్రమాదం.

డబుల్ కాట్ బదులు రెండు విడి మంచాలు వేయండి. అత్తగారికి మూడడుగులది, స్నానాల గది తలుపుకు దగ్గరగా. పిల్లలకు నాలుగడుగులది, అవతలి గోడకు ఆనించి. రెండూ దక్షిణం గోడకు తలవైపుగానే వస్తాయి. నడుమ మూడడుగుల దారి మిగులుతుంది. ఆ దారిలో ఎప్పుడూ ఏమీ పెట్టకూడదు. కప్‌బోర్డుకు పక్కకు జరిగే తలుపులు పెట్టించండి. దానిని గోడ మొత్తం కాక ఏడడుగులకే ఆపి, మిగిలిన మూడడుగులలో పిల్లల బల్ల అమర్చండి. వెలుతురు ఎడమ పక్కనుంచి పడితే వ్రాసే చేతి నీడ పుస్తకం మీద పడదు. పెద్దబ్బాయికి మరి రెండేళ్లలో విడి పడక కావలసి వస్తుంది. అందుకు హాలులో ఒక దివాను ఇప్పుడే ఆలోచించి ఉంచుకోండి.

అంతస్తుల మంచం మన ఇళ్లకు పనికిరాదు. పదడుగుల ఎత్తు గదిలో పై మంచం మీద కూర్చున్న పిల్లవాడి తల, తిరుగుతున్న ఫ్యాను రెక్కల ఎత్తుకు వస్తుంది. ఫ్యాను లేకుండా మన ఎండకాలం గడవదు. దుకాణంలో వారు ఈ సంగతి చెప్పి ఉండవలసింది.

అత్తగారి మంచం ఎత్తు పరుపుతో కలిపి పద్దెనిమిది అంగుళాలు ఉంటే చాలామందికి అంచున కూర్చున్నప్పుడు పాదాలు నేలకు పూర్తిగా ఆనుతాయి; అయినా ఆమెను ఒక కుర్చీలో కూర్చోబెట్టి మోకాలి వెనుక ఎత్తు కొలిచి చేయించడం అన్నిటికంటే మంచిది. మరీ మెత్తని ఫోము పరుపులో కూరుకుపోతే లేవడం కష్టం. గట్టిగా కుట్టించిన దూది పరుపు గాని, కొబ్బరి పీచు పరుపు గాని ఆమెకు అనుకూలం. మంచం కింద సామాను పెట్టె అమర్చవద్దు. లేచేటప్పుడు పాదాలు కొంచెం వెనక్కు పోవడానికి అక్కడ ఖాళీ కావాలి.

నేలకు అద్దంలా మెరిసే వెట్రిఫైడ్ పలకలు కాక మ్యాట్ రకం వేయించండి. స్నానాల గది గడప ఎత్తు అర అంగుళానికి మించకుండా చేయించి, గడప రంగు నేల రంగుకు భిన్నంగా ఉంచితే కంటికి ఆనుతుంది. తలుపు వెడల్పు వీలైతే మూడడుగులు పెట్టించండి, రేపు చక్రాల కుర్చీ అవసరమైనా దూరుతుంది. దీపానికి రెండు చోట్ల స్విచ్చి, అంటే ఒకటి తలుపు దగ్గర, ఒకటి ఆమె చేతికందే ఎత్తులో, ఉండాలి. మంచం నుంచి స్నానాల గది దాకా నేలకు అడుగు ఎత్తున ఒక చిన్న పసుపు దీపం రాత్రంతా వెలగనివ్వండి. ఈ వైర్లన్నీ పూతకు ముందే గోడలో దించాలి గనుక మీ ఎలక్ట్రీషియన్‌తో ఈ వారమే మాట్లాడండి. అదే పనిలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించండి. షాకు తగిలిన క్షణంలో సరఫరా ఆపేసేది అదే.

ఆమె కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్న భోషాణం పెట్టె ఎక్కడ పెట్టాలో తోచడం లేదని వ్రాశారు. అది ఆ గదిలోనే, ఆమె మంచం కాళ్ల వైపున, కిటికీ పక్కన ఉండనివ్వండి. మీద ఒక పరుపు ముక్క వేస్తే పిల్లలు కూర్చునే బల్ల అవుతుంది. దాని కోసం కప్‌బోర్డును మరొక అడుగు తగ్గించవలసి వచ్చినా తగ్గించండి.

ప్రశ్న: మా హాలును మన ప్రాంతపు చేతిపనులతో అలంకరించాలని కోరిక. పొందూరు ఖద్దరు పరదాలు, బుడితి ఇత్తడి సామాను, బొబ్బిలి వీణ నమూనా, ఏటికొప్పాక బొమ్మలు, సవర చిత్రాలు అన్నీ పెట్టవచ్చునా?
— ఆమదాలవలస

సమాధానం: మీ కోరిక ఎంతో మంచిది, అన్నింటినీ ఒకే గోడకు చేర్చకుండా ఉంటే చాలు. ప్రదర్శనశాలలా కాక, ప్రతి వస్తువూ తన పని తాను చేసే చోట ఉన్నప్పుడే ఇంటిలో ఇమిడిపోతుంది.

పొందూరు సన్న ఖద్దరు వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేతితో వడికి నేసిన బట్ట. అంత సన్నని బట్టను పరదాలుగా ఎండలో వేలాడదీయడం నాకు మనసొప్పదు. అది కట్టుకునేందుకు నేసినది. పరదాలకు అక్కడే దొరికే ముతక రకం తీసుకోండి. కుట్టించే ముందు ఒకసారి నానబెట్టి ఆరవేయాలి, లేకపోతే మొదటి ఉతుకుకే పొట్టిదైపోతుంది. కిటికీ వెడల్పుకు రెండింతల బట్ట ఉంటే కుచ్చిళ్లు నిండుగా వస్తాయి. కొస నేలకు అర అంగుళం పైనే ఆగాలి, తడిగుడ్డ పెట్టినప్పుడు మురికి పట్టదు. పడమటి ఎండను ఆపడానికి మాత్రం పరదా చాలదు. అద్దం దాటి లోపలికి వచ్చిన వేడి లోపలే ఉంటుంది. కిటికీ బయట వెదురు తడకో, తీగ పందిరో ఉండాలి.

బుడితి ఇత్తడి పాత్రను గాజు బీరువాలో పెట్టకండి. గుమ్మం పక్కన నీళ్లు పోసి పూలు తేలవేయండి. చింతపండుతో తోమి వెంటనే పొడిగుడ్డతో తుడిస్తే మెరుపు నిలుస్తుంది. ఏటికొప్పాక బొమ్మలు అంకుడు కర్ర మీద లక్కతో పూత పూసినవి. వాటి సహజ రంగులు నేరుగా ఎండ తగిలితే వెలిసిపోతాయి, లక్క వేడికి మెత్తబడుతుంది. కాబట్టి కిటికీ గట్టు మీద కాక లోపలి గూటిలో, పిల్లల చేతికందే ఎత్తులో ఉంచండి. బొబ్బిలి వీణను ఒకే పనస దుంగ నుంచి తొలుస్తారు. నమూనా వీణకు కూడా టీవీ పక్కన కాక తనకంటూ ఒక చిన్న పీట కావాలి.

సవర చిత్రాల గురించి ఒక మాట చెప్పక తప్పదు. సీతంపేట కొండల వైపు సవరలు ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే ఆ బొమ్మలు వారి పూజలో భాగం. పెయింటరుకు ఫోనులో చూపించి గోడకు దించమనడం నాకు సమ్మతం కాదు. సవర చిత్రకారులే బట్ట మీదనో కాగితం మీదనో వేసి అమ్మే చిత్రం ఒకటి కొని, చట్రం కట్టించి, కూర్చున్నవారి కంటికి సమంగా తగిలించండి. గోడ మీద దాని చుట్టూ మరేమీ లేకపోతేనే ఆ సన్నని గీతలు కనబడతాయి.

ప్రశ్న: పాత ఇల్లు పడగొట్టినప్పుడు తీసి ఉంచిన పనస తలుపుల జత మా వద్ద ఉంది. వాటి మీద ఐదారు పొరల ఎనామిల్ రంగు ఉంది. ఆ తలుపులతో హాలులో టీపాయి, పడకగదికి మంచం తలవైపు పలక చేయించాలని ఉంది. రంగు ఎలా తీయాలి? ఇంట్లో నెలలు నిండుతున్న కోడలు ఉంది.
— చీపురుపల్లి

సమాధానం: కోడలమ్మాయి ఇంట్లో ఉండగా ఆ తలుపులను ఇంటి దగ్గర రుద్దించవద్దు. పాత ఎనామిల్ రంగులలో సీసం ఎక్కువగా ఉండేది. రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదనే నియమం మన దేశంలో అమలులోకి వచ్చినది 2017 నవంబరులో మాత్రమే. ఉప్పు కాగితంతో పొడిగా రుద్దినా, మంటతో కాల్చినా సీసం ధూళిగానో పొగగానో ఇంట్లోకి చేరుతుంది. గర్భిణులకూ పసిపిల్లలకూ అది చాలా హానికరం. వడ్రంగి కొట్టుకే పంపి, రంగు తీసే లేపనం పూయించి, మెత్తబడ్డాక గీకించమనండి. మిగిలినది తడిపి రుద్దించాలి. గీకిన పెచ్చులను పోగుచేసి సంచిలో కట్టించాలి, పెరట్లో పారబోయకూడదు. పనిచేసేవారు ముక్కుకు మంచి మాస్కు కట్టుకునేలా చూడటం మీ బాధ్యతగా భావించండి.

లోపలి పనస చెక్క పసుపు వన్నెలో బయటపడితే దాని మీద మళ్లీ రంగు వేయవద్దు. అవిసె నూనె పలుచగా రెండు మూడు సార్లు పట్టించి, ఒక్కొక్క పూతకు మధ్య బాగా ఆరనివ్వండి. నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా చేసి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. బయట విడివిడిగా ఆరవేసి, గట్టిపడ్డాకనే పారవేయాలి. పాత గడియ, బొడిపెలు తీసివేయకండి. తలవైపు పలకలో అవి మంచం వెలుపలి అంచుకు వచ్చేలా తిప్పి పెడితే తలకు తగలవు.

ప్రశ్న: హాలుకు ఫాల్స్ సీలింగు, అందులో పద్దెనిమిది దీపాలు పెడుతున్నారు. తెల్లవి మంచివా, పసుపువా?
— పలాస

సమాధానం: ముందుగా, శ్లాబులో కారుడు ఏమీ లేదని ఒక వానాకాలం చూసుకున్న తరువాతనే సీలింగు వేయించండి, జిప్సం పలక వెనుక నీరు కారుతున్న సంగతి అది ఊడిపడేదాకా తెలియదు. ఫ్యాను కొక్కెం శ్లాబు నుంచే రావాలి, సీలింగు పలక దాని బరువు మోయలేదు. పద్దెనిమిది దీపాలు ఎక్కువ. ఎనిమిదింటిని రెండు స్విచ్చులకు విడదీసి, కూర్చునే చోట 3000 కెల్విన్ల (కెల్విన్ అంటే వెలుగు రంగును తెలిపే కొలత) పసుపు వెలుగు, పిల్లలు చదివే చోట 4000 కెల్విన్లది పెట్టించండి. 6500 కెల్విన్ల నీలపు తెలుపు దుకాణాలకు సరిపోతుంది గాని, రాత్రి భోజనాలయ్యాక నలుగురూ కూర్చునే గదికి వద్దు. మిగిలిన డబ్బుతో పడక కుర్చీ పక్కన నిలువు దీపం ఒకటి కొనండి. మీ నాన్నగారు పేపరు చదివేది అక్కడేనని మీరే వ్రాశారు.